ఓడలో చూపే శ్రద్ధ ఒడ్డున కూడా చూపండి: క్రూయిజ్ కంపెనీలకు బహిరంగ లేఖ

ఫ్లోరిడా పక్కనున్న ద్వీపదేశం బహామాస్‌లో సొంత ద్వీపాలు, సొంత బీచ్‌లు నడుపుతున్న క్రూయిజ్ కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం.

మీ ఓడలెక్కే వాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో మీరు ఎప్పుడైనా లెక్క చూశారో లేదో నాకు తెలియదు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లోనో, డిసెంబర్ చివర్లోనో, పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌లోనో ఫ్లోరిడాలోని మయామీ, పోర్ట్ కెనవెరల్ ఓడ టెర్మినళ్లలో చెకిన్ లైన్ల పక్కన కాసేపు నిలబడండి, చెవిన పడుతుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి బుక్ చేసుకుంటాయి. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని వెంటబెట్టుకుని వస్తాయి. ఓడలో షోలు, స్విమ్మింగ్ పూల్స్, పగలూ రాత్రీ తిండి ఎన్ని ఉన్నా, పిల్లలు రోజులు లెక్కపెట్టుకునేది మీ ద్వీపంలో దిగే రోజు కోసమే. మీ ప్రకటనల్లో కూడా ముందుండేది ఆ బీచ్ ఫొటోనే.

ఆ ఒక్క రోజు గురించే ఈ లేఖ. నేను అడిగేది కూడా ఒక్కటే. ఓడ మీద మా ప్రాణాల విషయంలో మీరు ఎంత పట్టుదలగా ఉంటారో, మీరు తాడు కట్టి గీత గీసిన నీళ్లలో కూడా అంతే పట్టుదలగా ఉండండి. ఇదే విషయం మీకు ఇంగ్లిష్‌లో విడిగా రాస్తున్నాను. ఇక్కడ తెలుగులో పెట్టడం ఎందుకంటే, వచ్చే సెలవుల్లో మీ ఓడ ఎక్కబోతున్న మావాళ్లు కూడా ఇది చదవాలి.

ముందుగా మీరు బాగా చేస్తున్నదాని గురించి చెప్తాను. ఓడ కదలక ముందే మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే కసరత్తు, అయిపోవాలి. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో ఫోన్‌లోనో గదిలో టీవీలోనో వీడియో చూడాలి. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో ఆ చోటికి నడిచి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోవాలి. ఎవరైనా రాకపోతే పేర్లు మైకులో పిలుస్తారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా మామయ్యను కూడా మినహాయించలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ అంతా చెప్పారు. ఆయనకు అది చాలా నచ్చింది. "మన బస్సుల్లో టికెట్ కొడతారు గానీ ఇంత శ్రద్ధగా చెప్పేదెవరు" అన్నారు.

ఈ శ్రద్ధ ఊరికే రాలేదని మీకు నాకంటే బాగా తెలుసు. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఎక్కిన ప్రయాణికులకు అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అప్పటి నిబంధన ప్రకారం 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. ఆ తర్వాతే, ఓడ బయల్దేరే ముందో బయల్దేరగానేనో డ్రిల్ చేసి తీరాలని నిబంధన మార్చారు. అంతమంది పోయాక వచ్చిన బుద్ధి అది. ద్వీపం విషయంలో కూడా అలా చాలామంది పోయేదాకా ఆగక్కర్లేదని నా మొర.

ఎందుకంటే మీ ద్వీపంలో దిగే రోజు మాకు ఏ డ్రిల్లూ ఉండలేదు. ఉదయం తలుపులు తెరిచారు, కార్డు స్కాన్ చేశారు, "హావ్ ఎ గ్రేట్ డే" అన్నారు. ముందు రాత్రి గదిలోకి వచ్చిన కాగితంలో తువ్వాళ్లు ఎక్కడిస్తారో ఉంది, భోజనం ఎన్నింటికో ఉంది, కబానా, అంటే నీడకి వేసిన చిన్న పాక, అద్దె ఎంతో ఉంది. నీళ్ల లోతు ఎంతో, ఎక్కడ ఒక్కసారిగా దిగిపోతుందో, లైఫ్‌గార్డ్ ఏ వైపు ఉంటాడో, జెండా రంగులకు అర్థమేమిటో అందులో లేదు. ఏ కంపెనీ అని పేరు పెట్టను. ఇది ఒక్కరి మీద ఫిర్యాదు కాదు, అందరినీ అడుగుతున్న మాట.

"బీచ్‌లో ఎవరి జాగ్రత్త వాళ్లది" అని మీ లాయర్లు అనవచ్చు. ఊరి బీచ్ అయితే ఆ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఇవి అడవి బీచ్‌లు కావు కదా. 1977లో నార్వేజియన్ వాళ్లు గ్రేట్ స్టిరప్ కే అనే చిన్న ద్వీపం తీసుకున్నప్పటినుంచి ఈ సొంత ద్వీపాల సంగతి మొదలైంది. 1998లో డిస్నీ వాళ్లు కాస్ట్‌అవే కే తెరిచారు. రాయల్ కరీబియన్ వాళ్లు కోకోకే మీద 25 కోట్ల డాలర్లు పెట్టి 2019లో 135 అడుగుల జారుడుబండతో సహా కొత్తగా తీర్చిదిద్దారు. ఎమ్మెస్సీ వాళ్ల ఓషన్ కే ఒకప్పుడు ఇసుక తవ్వుకునే చోటు. దాన్ని శుభ్రం చేసి, చెట్లు నాటి, బీచ్‌లుగా మార్చి 2019 చివర్లో తెరిచారు. కార్నివాల్ వాళ్లు గ్రాండ్ బహామా ద్వీపంలో 60 కోట్ల డాలర్లతో సెలబ్రేషన్ కీ కట్టి 2025 జులైలో తెరిచారు. ఎక్కడ ఇసుక పోయాలో, ఎక్కడ రాళ్లు పేర్చి అల ఆపాలో, పిల్లలు ఏ వైపు దిగాలో, మెట్లు ఎక్కడ పెట్టాలో అన్నీ మీ ఇంజినీర్లు గీసినవే. అక్కడికి మీ ఓడలో తప్ప మేం రాలేం. మీరు చెప్పిన టైముకు దిగి, మీరు చెప్పిన టైముకు ఎక్కుతాం. ఐకాన్ ఆఫ్ ద సీస్ లాంటి ఓడ నిండుగా వస్తే 7,600 మంది ప్రయాణికులు. అలాంటప్పుడు ఆ తీరం మీ ఓడకు ఇంకో డెక్ లాంటిదే.

ఇక మావాళ్ల సంగతి. మీరు ఇది అర్థం చేసుకోవాలని నా కోరిక.

మా అత్తమామలది బాపట్ల దగ్గర ఊరు. సూర్యలంక బీచ్ వాళ్లకు కొత్త కాదు. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చేయని ఏడాది లేదు. కానీ వాళ్లకు తెలిసిన సముద్రం బంగాళాఖాతం. అక్కడ అల మీదకు వస్తుంటే ఆ హోరుకే కాళ్లు వెనక్కి వేస్తాం. ఆడవాళ్లు చేయీ చేయీ పట్టుకుని మోకాలి లోతులో మూడు మునకలు వేసి బయటికి వచ్చేస్తారు. సూర్యలంకలో, చీరాల దగ్గర రామాపురంలో సరదాకి దిగిన కాలేజీ పిల్లలు కొట్టుకుపోయారన్న వార్తలు చదువుతూ పెరిగిన మనుషులు. భయం వాళ్లకు పుట్టుకతో వచ్చిందే. ఈత మాత్రం ఎవరూ నేర్పలేదు. మా తరంలో చదువుకుని, ఉద్యోగాలకి ఇక్కడికి వచ్చిన వాళ్లలో కూడా ఈత రానివాళ్లు చాలామందే. పిల్లల్ని వైఎంసీఏలో స్విమ్మింగ్ క్లాసుకు తీసుకెళ్లి, గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకునే అమ్మానాన్నలం మేము.

అలాంటి వాళ్లని తీసుకెళ్లి మీ నీళ్ల ముందు నిలబెడతారు. అల లేదు, హోరు లేదు. అడుగున ఇసుక రేణువులు కూడా కనిపించేంత తేట. మా అత్తయ్య అయితే చూడగానే, "అమ్మాయ్, ఇది సముద్రం కాదే, మన ఊరి చెరువు కూడా ఇంత నెమ్మదిగా ఉండదు" అంది. జన్మలో మొదటిసారి ఆవిడకు సముద్రం దగ్గర భయం పోయింది. ప్రమాదం అక్కడే ఉంది. తేటనీళ్లలో లోతు కంటికి తెలియదు. నడుము లోతే అనుకున్న చోట రెండడుగులు ముందుకు వేస్తే గొంతు లోతు ఉంటుంది. ఒడ్డునుంచి లోపలికి గాలి వీస్తుంటే గాలి ట్యూబులో కూర్చున్న పిల్లాడు ఎవరూ తోయకుండానే దూరం జరిగిపోతాడు.

మాకు జరిగింది సరిగ్గా ఇదే. ఉదయం దిగగానే ఐదేళ్ల మా బాబుకు లైఫ్ జాకెట్ అడిగాం. 30 నుంచి 50 పౌండ్ల బరువున్న పిల్లల సైజు అయిపోయింది, పెద్ద సైజు ఉంది తీసుకోమన్నారు. అది వేస్తే మెడలోంచి పైకి వచ్చేస్తోంది. సరే అని ఓడలోని షాపులో కొన్న గాలి ట్యూబు వేసి, నానమ్మ పక్కన కూర్చోబెట్టాం. నేను పదడుగుల దూరంలో మా పెద్దమ్మాయి జడ విప్పుతున్నాను. ట్యూబు తాడు వైపు జరగడం అత్తయ్య చూసి వెంట వెళ్లింది. కాలికింద నేల పోయింది. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంది. అంత దగ్గర ఉండి కూడా నాకు ఏమీ వినపడలేదు. నీళ్లలో ఆడుకుంటున్నారనే అనుకున్నాను.

గొడుగులు సర్దుతున్న ఒక బహామియన్ పనివాడు చూశాడు. యూనిఫారం, బూట్లతోనే దిగి ఒక చేత్తో ట్యూబు, ఇంకో చేత్తో అత్తయ్య జబ్బ పట్టుకుని లాక్కొచ్చాడు. లైఫ్‌గార్డ్ టవర్ ఆ వంపు అవతల ఎక్కడో ఉంది. మీ నర్సు వచ్చి ఊపిరితిత్తులు చూసి, ఆక్సిజన్ చూసి, రెండు గంటలు కూర్చోబెట్టి పంపింది. ఆ సాయంత్రం అత్తయ్య నాతో, "అరుద్దామంటే నోట్లోకి నీళ్లేనమ్మా. చెయ్యి పైకి ఎత్తడం కూడా కుదర్లేదు" అంది. మునిగిపోతున్న మనిషి సినిమాలోలాగా కేకలు వేయదని, చేతులు ఊపదని, చప్పుడు లేకుండా పోతుందని లైఫ్‌గార్డులకు శిక్షణలో చెప్తారట. ఆ ఒక్క ముక్క ముందు రాత్రి మాకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునగడమేనని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది ఇలా పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ దగ్గర పనిచేసే భద్రతా అధికారులకు ఇవి తెలియని సంగతులు కావు.

కాబట్టి ద్వీపానికి ముందు రోజు సాయంత్రం నీళ్ల డ్రిల్ పెట్టండి. మస్టర్ డ్రిల్‌కు వాడే ఫోన్ యాప్ ఉంది, గదిలో టీవీ ఉంది. మూడు నిమిషాల వీడియో చాలు. ఆ బీచ్ మ్యాప్ మీద లోతు ఎక్కడ ఎంతో రంగులతో చూపించండి. గాలి ట్యూబు, బుజాలకు తొడిగే గాలి సంచులు ప్రాణం కాపాడేవి కావని ఒక పిల్లాడి బొమ్మతో చూపించండి. చిన్నపిల్లలు చేయి చాస్తే అందేంత దూరంలోనే పెద్దవాళ్లు ఉండాలని చెప్పండి. మునిగేవాళ్లు ఎలా కనిపిస్తారో చూపించండి. మాటలు తక్కువ పెట్టి బొమ్మలు ఎక్కువ పెడితే మా అత్తమామల్లాంటి ఇంగ్లిష్ రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. తెలుగు, హిందీ, తమిళం, గుజరాతీలో కింద అక్షరాలు వేయడం మీలాంటి కంపెనీలకు పెద్ద ఖర్చు కాదు. పన్నెండేళ్లలోపు పిల్లలున్న గదుల వాళ్లు ఆ వీడియో చూస్తేనే మర్నాడు గేటు దగ్గర కార్డు పచ్చలైటు చూపించాలి. కొందరు విసుక్కుంటారు. మస్టర్ డ్రిల్‌కి కూడా విసుక్కునేవాళ్లు ఉన్నారు, అయినా మీరు మానలేదు కదా.

లైఫ్ జాకెట్ సంగతి మరీ బాధగా ఉంది. కొన్ని ద్వీపాల్లో ఉచితంగానే ఇస్తున్నారు, దానికి సంతోషం. కానీ "అయిపోయాయి" అన్న మాట రాకూడదు. బుక్ చేసినప్పుడే ప్రతి పిల్లాడి పుట్టినతేదీ మీరు తీసుకున్నారు. ఏ వయసు పిల్లలు ఎంతమంది దిగబోతున్నారో ఓడ కదలక ముందే మీకు తెలుసు. డైనింగ్ హాల్లో మా టేబుల్ దగ్గర ఎత్తు కుర్చీ కావాలో వద్దో తెలిసిన మీకు, ముప్పై పౌండ్ల సైజు ఎన్ని కావాలో తెలియకుండా ఉంటుందా? ఓడ దిగే దారిలోనే, తువ్వాలు ఇచ్చే చోటే, పిల్లాడి సైజు జాకెట్ పేరు రాసి ఇవ్వండి. ఈత రాని పెద్దవాళ్లకు కూడా ఇవ్వండి. అడగడానికి సిగ్గుపడే పెద్దవాళ్లు మాలో చాలామంది. అడగకముందే చేతికి ఇస్తే వేసుకుంటారు.

నీళ్లలో కర్రలు పాతి లోతు అంకెలు వేయించండి. లోతు మారే చోట రంగు బంతుల తాడు ఒకటి, దానికి అవతల సరిహద్దు తాడు ఇంకొకటి ఉండాలి. ఇప్పుడు మేం చూసిన చోట ఒకటే తాడు ఉంది, అది నాకు రెండు నిలువుల లోతులో ఉంది. లైఫ్‌గార్డులు జారుడుబండల దగ్గర, కొలనుల దగ్గర చాలామంది కనిపించారు. డబ్బు ఎక్కువ పెట్టి కట్టిన చోట కాపలా ఎక్కువగా ఉంది. ఖర్చు లేకుండా దిగే ఇసుక ఒడ్డున, చిన్నపిల్లలూ ముసలివాళ్లూ చేరే చోట తక్కువగా ఉంది. ఇది తలకిందులు కావాలి.

గొడుగులు సర్దే, కుర్చీలు మోసే బహామియన్ పనివాళ్లకు నీటిలో రక్షించే శిక్షణ ఇచ్చి, దానికి తగ్గట్టు జీతం పెంచండి. రోజంతా ఒడ్డున కళ్లు పెట్టుకుని ఉండేది వాళ్లే. ఆ సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లు, ఆ నీళ్ల గుణం వాళ్లకు తెలుసు. మా అత్తయ్యను లాక్కొచ్చిన మనిషికి మా ఆయన డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయన గురించి మెచ్చుకుంటూ ఓడలో ఫారం నింపి ఇచ్చాం. అది ఆయనదాకా చేరిందని ఎవరైనా చెప్తే మాకు తృప్తిగా ఉంటుంది.

చట్టం గురించి కూడా ఒక మాట, ఇది మావాళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు కాబట్టి. అమెరికాలో 1920 నాటి డెత్ ఆన్ ద హై సీస్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. అమెరికా తీరానికి మూడు నాటికల్ మైళ్లు దాటాక సముద్రంలో ఎవరైనా ఇతరుల నిర్లక్ష్యం వల్ల చనిపోతే, ఆ కుటుంబానికి పోయిన సంపాదన మేరకే పరిహారం. కడుపుకోతకు లెక్క లేదు. ఇతర దేశాల తీరజలాల్లో జరిగిన మరణాలకు కూడా కోర్టులు ఈ చట్టాన్ని వర్తింపజేశాయి. అంటే సంపాదన లేని ఐదేళ్ల పిల్లాడు పోయినా, రిటైరైన నానమ్మ పోయినా చట్టం ముందు ఆ నష్టం దాదాపు ఏమీ కాదు. విమాన ప్రమాదాల విషయంలో ఈ అన్యాయాన్ని 2000లో కొంత సరిచేశారు. క్రూయిజ్ ప్రయాణికులకు చేయలేదు. దానికితోడు మీ టికెట్ కాంట్రాక్టుల్లో దావా ఎక్కడ వేయాలో, ఎన్నాళ్లలోపు వేయాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దావా ఎక్కడ వేయాలన్న షరతు చెల్లుతుందని 1991లోనే కార్నివాల్ వర్సెస్ షూట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం మీ మీద ఇంత తక్కువ బరువు పెట్టింది కాబట్టే, మీరు మీ అంతట మీరే ఎక్కువ బరువు ఎత్తుకోవాలి అంటున్నాను. ఆ చట్టాన్ని మార్చే ప్రయత్నాలు మళ్లీ వచ్చినప్పుడు అడ్డుపడకండి.

ఇంకొకటి. 2010లో వచ్చిన చట్టం వల్ల క్రూయిజ్ ఓడల్లో జరిగే తీవ్రమైన నేరాల లెక్క అమెరికా రవాణా శాఖ బయటపెడుతోంది. ఆ జాబితాలో ప్రమాదవశాత్తు నీళ్లలో మునగడం లేదు. మీ ద్వీపాల్లో ఏటా ఎంతమందిని నీళ్లలోంచి లాగారో, ఎంతమంది దక్కలేదో, వాళ్ల వయసులేమిటో మీరే ప్రకటించండి. పేర్లు అక్కర్లేదు. ఆ లెక్క చూస్తే ఏ బీచ్‌లో ఏం మార్చాలో మీకూ తెలుస్తుంది, ఏ ద్వీపానికి పిల్లల్ని తీసుకెళ్లాలో మాకూ తెలుస్తుంది.

నీడ గురించి క్లుప్తంగా. వందల డాలర్ల కబానా తీసుకోలేని కుటుంబాల్లో కూడా బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఉంటారు. ఎండకు తాళలేక వాళ్లు నీళ్లలోకి దిగుతున్నారు. ముందుగా వచ్చినవాళ్లకే గొడుగు అనే పద్ధతి మాని, డెబ్బై దాటినవాళ్లకు కొన్ని గొడుగులు విడిగా ఉంచండి.

మావాళ్లకు ఒక మాట. ఇది చదివి క్రూయిజ్ మానేయమని కాదు. మా పిల్లలు ఆ రోజు గురించి ఇప్పటికీ ఆనందంగానే మాట్లాడుకుంటారు, మామయ్య ఆ నీళ్ల రంగు గురించి ఊళ్లో అందరికీ చెప్పారు. పిల్లాడి సైజు లైఫ్ జాకెట్, కోస్ట్‌గార్డ్ ఆమోదముద్ర ఉన్నది, ఇంటినుంచే సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లండి. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే అందరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడరు. అరగంటకొకరు చొప్పున ఫోన్ పక్కన పెట్టి పిల్లల్నే చూసేలా వంతులు వేసుకోండి. అమ్మలకు, అత్తలకు చీర కాకుండా నీళ్లకు తగిన బట్టలు ముందే కొనండి. మొహమాటపడతారు, అయినా కొనండి.

యాజమాన్యాలకు మళ్లీ. నేను రాసినవాటిలో మీ ద్వీపంలో ఇప్పటికే ఉన్నవి ఏవో, రాబోయే సెలవుల సీజన్ లోపు పెట్టగలిగినవి ఏవో మీ వెబ్‌సైట్‌లో బీచ్ ఫొటో పక్కనే రాయండి. లైఫ్‌గార్డులు ఎంతమంది, ఏ వేళనుంచి ఏ వేళదాకా, ఏ సైజు జాకెట్లు ఎన్ని. బుక్ చేసేముందు మేం చదవగలిగే చోట ఉండాలి. మా అన్నయ్య వాళ్లు మార్చిలో ఇద్దరు చిన్నపిల్లలతో, మా అమ్మానాన్నలతో వెళ్దామనుకుంటున్నారు. ఏ కంపెనీకి డబ్బు కట్టాలో ఈ వివరాలు చూసే నిర్ణయించుకుంటామని వాళ్లకు చెప్పాను.

ఇట్లు,
టాంపాలో ఉంటున్న ఒక తెలుగు కోడలు, ఇద్దరు పిల్లల తల్లి